రెగ్గే బృందానికి మా పటేలు చేసిన సన్మానం

ఫోన్లలో ఫోర్‌జీ అప్పుడప్పుడే అడుగుపెడుతున్న ఆ రోజుల్లో, ముందుగా ఆలోచించి పెట్టుకుంటే ఈ లోకంలో అనుకోనిదంటూ ఏదీ జరగదని నేను నిజంగానే నమ్మేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివి, సౌండ్ రికార్డింగ్‌లో డిప్లొమా కూడా పూర్తి చేసి, కచేరీలను వేదిక దగ్గరే చిత్రీకరించే ఒక చిన్న సంస్థలో హైదరాబాదులో చేరిన కొత్త. మైకుకూ పాడేవారి నోటికీ మధ్య ఎంత ఎడం ఉండాలి, కరెంటు తీగ పక్కన మైకు తీగ ఎందుకు పరుచుకుని పోకూడదు, గాలి ఎటు నుంచి వీస్తే ఏ మైకుకు స్పాంజి తొడుగు వేయాలి, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. (కూరలో ఉప్పు చూడమని అమ్మ గరిటె చేతికిస్తే, గిన్నెలో పైనుంచి తీసిందా, అడుగు నుంచి తీసిందా అని అడిగేవాణ్ణట. ఈ సంగతి అమ్మ పెళ్లిచూపుల్లోనే మా ఆవిడకు చెప్పేసింది. అయినా పెళ్లి జరిగింది.) మనుషుల విషయంలోనూ నాది అదే లెక్క. తీగను ఎక్కడ గుచ్చితే అక్కడే ఉంటుంది కదా, మనిషి మాత్రం ఎందుకు ఉండడు అనుకునేవాణ్ణి.

అలాంటి నన్ను ఒక సంగీతోత్సవం కోసం మొయినాబాద్ దాటాక, చేవెళ్ల రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే వచ్చే ఒక పెద్ద బీడుకు పంపించారు. చుట్టూ చామంతి మడులు, టమాటా చేలు, నడుమ ఆ ఏడాది ఏమీ వేయని నేల. జలాశయాల చుట్టుపక్కల పెద్ద కట్టడాలు కూడదన్న నూటపదకొండు జీవో పుణ్యమా అని కనుచూపు మేరలో మేడ అన్నది లేదు కాబట్టి ఎంత గట్టిగా వాయించినా తిరిగి వచ్చి చెవిలో పడే ప్రతిధ్వని లేదు. శబ్దం పట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఉత్సవానికి విదేశం నుంచి ఒక రెగ్గే బృందం వస్తోంది. రెగ్గే అంటే జమైకా దీవిలో పుట్టిన సంగీతం. దెబ్బ పడుతుందని మనం తల ఊపిన చోట పడదు, ఆ పక్క ఖాళీలో పడుతుంది. వినేవాడు ఆ ఖాళీని మోకాళ్లతో పూరించుకోవాలి. ఈ బృందం దానికి కాస్త తేలిక బాణీలు కలిపి, మా నాన్న కాలేజీలో చదివే నాటికే క్యాసెట్ల మీద ఊళ్లు చుట్టి వచ్చింది. ఇప్పుడు వాళ్లలో చాలామంది తాతలు. మొదట్లో కలిసినవాళ్లంతా ఇంకా కలిసే వాయిస్తున్నారు గానీ, దూర ప్రయాణాలు ఇక పెట్టుకోకపోవచ్చునని చెప్పుకుంటున్నారు. అందుకే ఆ సాయంత్రపు కచేరీని సినిమాగా తీయాలన్నది ఏర్పాటు. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా ఎక్కడా ఆగరు. ఎవరి మూలంగానైనా ఆగవలసి వస్తే మళ్లీ మొదలుపెట్టరు.

దర్శకుణ్ణి అందరమూ సారు అనే పిలిచేవాళ్లం. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఆ రోజు ఉదయం నన్ను వేదిక మీదికి తీసుకుపోయి చాలా చిన్న గొంతుతో, "దేఖ్ బేటా, స్టేజి మొత్తం నీ జిమ్మేదారి. బ్యాండు వాళ్లు తప్ప ఇంకొక్క కాలు దీనిమీద పడ్డదంటే, షూటింగు ఖరాబైనట్టే. గట్లయితే సోమవారం నుంచి ఆఫీసుకు రాకు" అన్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పైగా ఆ పాటలంటే నాకు ప్రాణం. అందుకని వేదిక వెనక మెట్లను మనిషి వెంట మనిషి తప్ప ఇద్దరు పట్టనంత ఇరుకుగా కట్టించి, అక్కడొక కాపలా మనిషిని పెట్టించాను. సామాన్లు ఎక్కించే పక్క వాలును సాయంత్రం కల్లా కెమెరా క్రేనుతో మూసేయించే ఏర్పాటు చేశాను. ఇక దోమ కూడా రాదనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ పొలం యజమాని వచ్చారు. మాజీ సర్పంచి, ఊరు ముడిమ్యాల. అందరికీ ఆయన పటేలే. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో రెండు ఫోన్లు. వేదిక చుట్టూ ఒకసారి తిరిగి, ఒక ఇనుప గొట్టాన్ని తట్టి చూసి, నా దగ్గర ఆగారు.

"స్టేజి గట్టిగనే కట్టిన్రు బిడ్డా. మరి సన్మానం ఎప్పుడు వెట్టిన్రు?"

"సన్మానం ఏమీ లేదండి. నేరుగా పాటే."

"సన్మానం లేకుంట ప్రోగ్రామేంది? మా ఊళ్లె పిల్లగాండ్లు కబడ్డీ గెలిస్తెనే శాలువ గప్పుతం. గీళ్లు దేశంగాని దేశంకెల్లి వచ్చిన్రు, పెద్దమనుషులు. నా చేన్ల పాడి ఉత్తగనే పోతరా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"కచేరీ అయిపోయాక, వెనక గుడారంలో కప్పుదామండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "వెనకాల గప్పుతె ఎవ్వలు జూస్తరు? శాలువ గప్పేది చలికా?"

పటేలు కాస్త గొంతు తగ్గించారు. "నీకు జెప్తె ఏంది గని, పోయిన ఎలక్షన్ల ఓడినప్పటి సంది నన్ను స్టేజి మీదికి పిల్చినోడు లేడు. ఇయ్యాల మా అవ్వ సుత వస్తున్నది. నీ కొడుకు గింతమంది ముంగట నిలవడంగ జూద్దువు రాయే అని చెప్పిన."

నాకు జాలి వేయకపోలేదు. కానీ సోమవారం గుర్తొచ్చింది. పటేలే మళ్లీ దారి చూపించారు. "సరే, మొదలువెట్టెటప్పుడు ఒక్కొక్కల్ని పేరు వెట్టి స్టేజి మీదికి పిలుస్తరు గద. గప్పుడు నేను సుత ఎక్కి కప్పి దిగుత."

"ఎవరినీ పిలవరండి. అందరూ ఒక్కసారే వచ్చి వాయించడం మొదలుపెడతారు."

"పిలువనే పిలువరా?"

"పిలవరండి."

"అండి అండి అని మెత్తగ మాట్లాడుకుంటనే పడగొడుతున్నవ్ నన్ను. ఒకేళ పిలిస్తె?"

ఇక్కడ నా బుర్ర చురుగ్గా పనిచేసింది. జరగని పని మీద చేసే వాగ్దానానికి ఖర్చేమీ ఉండదు కదా. "పిలిస్తే మీరు తప్పకుండా రండి" అన్నాను దొరబాబులా.

"మాటంటె మాటేనా?"

"మాటేనండి."

పటేలు నా చెయ్యి పట్టుకుని ఊపి, సంతోషంగా చేవెళ్ల వైపు జీపు తోలుకుని పోయారు. శాలువాలు తేవడానికి పోయారని నాకు తట్టలేదు. (తట్టినా, నవ్వుకునేవాణ్ణి. అంత ధీమా నాది.) ఆ తరువాత బృందం వచ్చి మైకులు సరిచూసుకుంది. అందరూ పక్క వాలు మీదుగా కలిసికట్టుగా ఎక్కి వచ్చారు. నేను తృప్తిగా తల ఊపుకున్నాను.

సాయంత్రానికి బీడు నిండిపోయింది. సిటీ నుంచి వచ్చిన ఐటీ కుర్రకారు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు, ముందు వరుసలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో పటేలు వాళ్ల అవ్వ, అంటే తల్లి. జనం చప్పట్లు పట్టడానికి ఆమె పక్కన పెట్టిన మైకును నేను సరిచేస్తుంటే నా మోచెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఇందాక తోట దిక్కు ఓ జడలాయన నడిచిపోంగ జూసిన. ఎవలాయన?"

"బేస్ గిటారు వాయిస్తారు అవ్వా. ఆ బృందంలో అందరికన్నా పెద్దాయన."

"జడలు గట్టుకున్నడా, వాటంతటవే గట్టినయా?"

"అడగలేదు అవ్వా." (నిజంగానే తెలియదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం నా స్వభావంలో లేదు.)

"వాటంతటవే గడితె దేవుడు మీదికొచ్చినట్టు. గట్లాంటోళ్లకు బండారి వెట్టాలె" అని ఆమె కొంగుముడి విప్పింది. అందులో చిన్న పొట్లం, దేవుడి ముందు నుంచి తెచ్చిన పసుపు. "కొడుకుతోని పంపిస్త తియ్" అంది. ఆ మాట నాకు సరిగ్గానే వినబడింది. దాని అర్థం మాత్రం, కర్ణాటక వైపు నుంచి వచ్చే మబ్బులాగా, ఎక్కడో దూరంగా ఉండిపోయింది.

పొద్దు వాలింది. ఆకాశం ముదురు బంగారు రంగులో ఉంది. సారు నా చెవిలో, అంటే హెడ్‌ఫోన్లలో, "రోలింగ్" అన్నారు. కెమెరాలన్నీ తిరగడం మొదలుపెట్టాయి. అప్పుడు వేదిక వెనక, నేను ఊహించనిది జరిగింది. పక్క వాలును నా ఏర్పాటు ప్రకారమే క్రేను మూసేసింది. మిగిలింది నా ఇరుకు మెట్లు. ఆ పెద్దవాళ్లలో ఒకరికి మోకాలు నొప్పి, ఇంకొకరికి నడుము. తొందరపడి ఎక్కితే పడతామని, వాళ్ల పాటగాడు అక్కడికక్కడే నిర్ణయం మార్చేశాడు. ముందు జడలాయన ఎక్కి బేస్ గిటారు మొదలుపెడతాడు. ఆయన ఆ ఒక్క బాణీనే తిప్పి తిప్పి వాయిస్తుంటే, మిగతావాళ్లు నిదానంగా ఒకరొకరే ఎక్కుతారు. ఎవరు ఎక్కితే వారి పేరును, ఆయన వెంటే ఎక్కిన పాటగాడు మైకులో ప్రకటిస్తాడు. జనం చప్పట్లు కొడతారు.

మొదటి పేరు మైకులో వినబడగానే మధ్యాహ్నం పటేలుకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. రెండో పేరు, చప్పట్లు. మూడో పేరు, ఈలలు. మన వైపు సభల్లో వేదికను అలంకరించవలసిందిగా పెద్దలను ఆహ్వానించే తీరుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. మెట్ల వైపు తిరిగి చూశాను. చివరి వాద్యకారుడి వెనకాల, వరుస తప్పకుండా, పళ్లెం నిండా జరీ శాలువాలతో, పైన ఒక చామంతి దండతో, పటేలు ఎక్కి వస్తున్నారు.

కాపలా మనిషి వైపు ఉరిమి చూశాను. అతను చేతులు చాపాడు. "పటేలును ఆపుడేంది సార్? చేనే ఆయనది."

హెడ్‌ఫోన్లలో సారు గొంతు బాగా చిన్నదైపోయింది. "స్టేజి మీద ఆ తెల్ల షర్టు ఎవరు?"

"పటేలు సార్."

"కౌన్ పటేల్?"

"పొలం ఆయన సార్. సన్మానం చేస్తున్నారు."

"పోయి దించు. కెమెరాకు కనబడకుంట దించు" అన్నారు.

కెమెరాకు కనబడకుండా ఒక మనిషిని దించడమెలాగో ఏ పుస్తకంలోనూ చదవలేదు. నల్ల చొక్కా వేసుకున్నాను కాబట్టి, నడుము వంచి, చీకటి ముక్కలాగా వేదిక మీదికి జారాను. పటేలు దగ్గరికి చేరి చొక్కా అంచు పట్టుకున్నాను. ఆయన తిరిగి చూసి వెలిగిపోయారు.

"ఆఁ, వచ్చినవా! మంచిగైంది. గీ పళ్లెం వట్టుకో. ఒక్కనితోని అయితలేదు."

పళ్లెం నా చేతుల్లో ఉంది. వదిలేస్తే అది ఇత్తడి పళ్లెం, కింద చెక్క, చుట్టూ నేనే పెట్టించిన మైకులు. ఆ చప్పుడు ఎంత ఉంటుందో నాకన్నా బాగా తెలిసినవాడు ఆ బీడులో లేడు. కాబట్టి పట్టుకున్నాను. పటేలు ముందు, పళ్లెంతో నేను వెనక. బేస్ మాత్రం ఆగలేదు. ముందు జడలాయన. పటేలు ఆయనకు శాలువా కప్పి, అవ్వ ఇచ్చిన పొట్లంలోంచి బండారి తీసి నుదుటిన పెట్టబోతే, ఆ పొడుగు మనిషి వేళ్లు తీగల మీద నడుస్తుండగానే తల వంచాడు. ముందు వరుసలో అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆయన అది చూసి, అలాగే వాయిస్తూ, ఆమెకు ఇంకొంచెం వంగాడు. తరువాత గిటారు, కీబోర్డు, సాక్సఫోను. డ్రమ్ముల దగ్గర చిక్కొచ్చింది. ఆయన చేతులు ఖాళీ లేవు.

"జర ఆగున్రి సార్, ఒక్క నిమిషం" అన్నారు పటేలు.

డ్రమ్ముల తాతకు తెలుగు ఏం తెలుస్తుంది? శాలువా తెలిసింది. ఒక్క చేత్తో తాళం నిలబెట్టి ముందుకు వంగాడు. పటేలు ఆయన భుజాలకు చుట్టి, రెండు మూలలూ సర్ది, వెనక్కి తగ్గి చూసి, ఇంకోసారి సర్దారు. ఆఖరున పాటగాడికి చామంతి దండ పడింది. జనం గోల అంబరాన్ని అంటింది. ఇక దిగుదామని నేను పటేలు మోచేతిని తాకబోతుండగా, పాటగాడు, ఏమనుకున్నాడో ఏమో, మైకును తీసి ఆయన చేతిలో పెట్టాడు.

మైకు చేతికొచ్చిన మాజీ సర్పంచిని దించగలిగినవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. కళ్లు మూసుకున్నాను.

"అందరికి నమస్కారం!" అన్నారు పటేలు.

"నమస్కారం!" అన్నాడు పాటగాడు, అదే స్వరంలో, సరిగ్గా తాళంలో. బీడంతా "నమస్కారం!" అంది.

పటేలు ఉలిక్కిపడ్డారు. సర్పంచిగా ఉన్న కాలంలో కూడా ఆయనకు అంత జవాబు వచ్చి ఉండదు. "అందరు మంచిగున్నరా?" అన్నారు, ఈసారి తెలియకుండానే తాళంలో పడి. "ఆఁ!" అంది బీడు. పాటగాడు ఆ ఆఁకారాన్ని అందుకుని సాగదీశాడు. సాక్సఫోను దాన్ని ఇంకా పైకి తీసుకుపోయింది. పటేలు ఒక్క క్షణం జనాన్ని, బంగారు వెలుగును, ముందు వరుసలోని అవ్వను చూసుకున్నారు. ఎన్నికల గురించి గానీ, రోడ్డు గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు. మైకు తిరిగి ఇచ్చేస్తూ, "ఇగ కానియ్యిన్రి" అన్నారు. ఆ మాట మీదే డ్రమ్ముల దెబ్బ పడింది. పాట మొదలైంది.

మిగతా కచేరీ ఎక్కడా ఆగకుండా చివరి స్వరం దాకా సాగింది. గిటారు తాత ఉక్క భరించలేక శాలువాను తీసి తన గిటారు మోత వెలువడే స్పీకరు పెట్టె మీద కప్పేశాడు. మధ్యాహ్నమంతా నేను ఎన్ని మీటలు తిప్పినా తగ్గని ఆ పెట్టె కీచుదనం ఆ జరీ బట్ట కిందికి పోయి, దాని గొంతు హాయిగా మెత్తబడింది. అంతా అయ్యాక సారు కెమెరాల తెరలున్న వ్యానులోంచి దిగి నా ఎదురుగా నిలబడ్డారు.

"రికార్డింగు ఎక్కడన్నా ఆగిందా?"

"లేదు సార్."

"సౌండు?"

"శుభ్రంగా ఉంది సార్."

"సోమవారం జల్దీ రా. ఎడిటింగు చాలా ఉన్నది" అన్నారు మామూలు గొంతుతో.

సినిమా వచ్చింది. కాకపోతే అది రెండో పాట నుంచి మొదలవుతుంది. ప్రకటనలూ సన్మానమూ నిడివి పెంచుతున్నాయని పైవాళ్లు ముందు భాగం మొత్తం కోసేశారు. దాంతో ప్రపంచానికి మిగిలింది, కారణమేమిటో తెలియకుండా జరీ శాలువాలు కప్పుకుని, ఒకాయన నుదుటిన పసుపుతో, చెమటలు కక్కుతూ రెగ్గే వాయించే తాతల బృందం. ఇంటర్నెట్‌లో దాని కింద అభిమానులు రాసిన వ్యాఖ్యానాలు చదివితే పొద్దు తెలియదు. అది వాళ్ల కొత్త వేషమని కొందరు, ఏదో దీక్ష తీసుకున్నారని కొందరు. నేను దేనికీ జవాబు రాయలేదు.

పటేలుకు మాత్రం జవాబు చెప్పుకోవలసి వచ్చింది. చేవెళ్ల రోడ్డు మీద ఎప్పుడు తారసపడ్డా జీపు ఆపేవారు. "సినిమ మొత్తం జూసిన బిడ్డా. శాలువలు గనవడుతున్నయి, కప్పినోడు గనవడ్తలేడు. నేనేడ వోయిన?" ఊళ్లో ఎవరికి చెప్పినా నమ్మడం లేదట. ఏం చెప్పను? కోసేశారని చెప్పడానికి నోరు రాక, చూద్దామండి, చూద్దామండి అంటూ ఏళ్లు గడిపాను.

ఈమధ్య మా సంస్థలో పాత డిస్కులు చెరిపేసే పని నా చేతికొచ్చింది. (ఇప్పుడు అక్కడ నన్నే సారు అంటున్నారు.) వాటిలో ఆ సాయంత్రం వేదిక పక్క నుంచి తీసిన కెమెరా దృశ్యం ఒక్క చోటా తెగకుండా దొరికింది. బృందం వారి కార్యాలయానికి రాసి, ఇంట్లో చూసుకోవడానికని అనుమతి తెచ్చుకుని, ఒక కాపీ పట్టుకుని ముడిమ్యాల వెళ్లాను. పటేలు జుట్టు పూర్తిగా నెరిసింది. ఇంటిల్లిపాదినీ, పక్కింటివాళ్లనూ పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టారు. అవ్వ ఉంది. చెవులు బొత్తిగా వినపడటం లేదు, చూపు మాత్రం చక్కగా ఉంది. టీవీలో తెల్ల చొక్కా మెట్లెక్కి రాగానే ఇంట్లో ఈలలు మోగాయి. "జూసిన్రా? జూసిన్రా? అబద్ధమాడిన్నా?" అంటూ పటేలు అందరి భుజాలూ తట్టారు. అవ్వ కొడుకును చూసి కళ్లు తుడుచుకుంది. తరువాత వేలు చాపింది.

"గా పళ్లెం వట్టుకున్న పిలగాడెవడు?"

నేనూ అప్పుడే వాణ్ణి చూస్తున్నాను. ఈ కథను ఇన్నేళ్లుగా ఎందరికో చెప్పాను. కాళ్లు వణికాయనీ, గొంతు తడారిపోయిందనీ, ఆ కాసేపట్లో నా ఉద్యోగం, జీవితం అన్నీ కళ్ల ముందు కూలిపోయాయనీ చెప్పాను. అవన్నీ నిజమేనని ఆ క్షణం దాకా ప్రమాణం చేసేవాణ్ణి. కానీ రికార్డింగు అబద్ధం చెప్పదు. టీవీలో, సన్నటి నల్ల చొక్కా కుర్రవాడొకడు, ఇత్తడి పళ్లెం రెండు చేతులా పట్టుకుని, చెవి నుంచి చెవి దాకా నవ్వుతున్నాడు. మోకాళ్లు వంచి ఊగుతున్నాడు. అదీ, దెబ్బ పడని ఖాళీల్లో, ఒక్కటి కూడా తప్పకుండా.

పటేలు అవ్వకు నా వైపు చూపించారు. ఆమె నన్ను చూసింది, టీవీని చూసింది, మళ్లీ నన్ను చూసింది. నా కళ్లద్దాలు, బిగించుకున్న చొక్కా గుండీలు, ఒళ్లో పెట్టుకున్న బ్యాగు.

"ఈ సారా? కాదు తియ్" అంది. "గా పిలగాడు ఎంత ఖుషీగున్నడు!"

"నేనే అవ్వా" అన్నాను. ఆమెకు వినపడదు కదా. అందుకని బ్యాగు పక్కన పెట్టి లేచి, పళ్లెం పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపి, టీవీలోని కుర్రవాణ్ణి చూస్తూ, నిదానంగా మోకాళ్లు వంచాను. కుడి మోకాలు కటుక్కుమంది, అదీ తాళం తప్పి. అవ్వ పకపకా నవ్వింది.